తరుగు

చిత్తూరు బెల్లం మండీలో
ఇరవయ్యొక్క ఏండ్లుగా నేను రాసే మాట ఒకటే.
తరుగు.
బుట్టకింత, గోనెకింత, తేమకింత,
రైతు మొహం చూడకుండా కొట్టేసే లెక్క.

మొన్న గిరింపేట ఆస్పత్రిలో
మోకాళ్లు చూసే పిల్ల
నా తొడ చుట్టూ టేపు చుట్టి
అదే మాట నాకు రాసింది.
"కండ తరిగిపోతా ఉందక్కా.
ప్రోటీను పెంచాల, చక్కెర తగ్గించాల.
మూడు నెలల సగటు ఆరు పాయింటు నాలుగు,
గీత మీద నిలబడుండావు."

చీరకు, జడకు, అన్నం క్యారియరుకు
బెల్లం వాసన పట్టిన మనిషిని
తీపి మానమంటే
కాటా దగ్గర దొరస్వామి కూలబడి నవ్వినాడు.
"చేపను తడవద్దన్నట్టుందే మేడమ్!"

చర్చి వీధిలో ఇలియాజ్ అంగడి.
డబ్బాల మీద మెడల్లేని మగోళ్లు,
నరాలు తేలిన చేతులు.
నలభై ఏడేండ్ల ఆడమనిషి బొమ్మ
ఒక్క డబ్బా మీద లేదు.
"చాక్లెట్‌ది తీసుకో ఆంటీ, లేడీసంతా అదే."
కిలో మూడు వేల నూరు.
అంటే గ్యాసు, కరెంటు, సగం పాలబాకీ.

మూత తీసి చూపించమన్నాను.
సగానికే పొడి, పైనంతా గాలి.
"గాలికి తరుగెంత రాస్తావు నాయనా?"

ముందువైపు మామిడికాయంత అక్షరాల్లో
చక్కెర కలపలేదని.
వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో
మాల్టోడెక్స్‌ట్రిన్.
అద్దాలు పైకి తోసి రెండుసార్లు చదివినా.
ఊరు మారి పేరు మార్చుకున్న బంధువు,
ఒంట్లోకి పోయినాక మళ్లీ ఆ ఇంటిపేరే.
పైవరస బంగారం, అడుగు వరస బూడిద,
బుట్టల్లో నేను చూడని మోసమా ఇది!
బెల్లమైతే గోటితో గీకి చెబుతాను.
రేకు డబ్బాను ఎట్ల గీకేది?

పాత బిల్లు వెనక లెక్క కట్టినా.
కిలోలో ఏడొందల గ్రాములే ప్రోటీను,
గ్రాముకు నాలుగు రూపాయల నలభై మూడు పైసలు.
అడుగు అరలో దుమ్ము కొట్టుకున్న ఒక పొట్లం,
సోయా, ఏ వాసనా లేనిది, బొమ్మ కూడా లేనిది,
అర కిలో నాలుగొందల అరవై.
నూటికి ఎనభై ప్రోటీను.
గ్రాముకు రూపాయి పదిహేను.

"దానికి రుచుండదాంటీ, ఆర్నెల్లుగా ఎవురూ అడగలా."
తేదీ చూసినా, ఇంకా పది నెలలుంది.
"ఎవురూ అడగంది కదా, ఇరవై తరుగు రాసుకో."
పిల్లోడు నవ్వి రాసుకున్నాడు.

మొదటి రోజు నీళ్లలో కలిపితే
సున్నం కొట్టిన గోడ నాకినట్టు.
రెండో రోజు మిక్సీ మూత సరిగ్గా పెట్టక
వంటింటి క్యాలెండరు తాగింది.
మూడో రోజు పుల్లటి పెరుగు,
వేయించిన చెనక్కాయలు గుప్పెడు,
దోరజామ సగం, చిటికెడు ఉప్పు.
అది గొంతు దిగింది.
స్మూతీ అంటారంట దాన్ని.
మా ఆయన గ్లాసు అడుగున నాకి
"ఇది మజ్జిగకు ఏమవుతుంది?" అన్నాడు.
చెల్లెలు వరస, అన్నాను.

రెండో పొట్లం సగమైన నాడు
కింద కూర్చుని చిట్టా రాస్తా ఉన్నదాన్ని
స్తంభం పట్టుకోకుండా లేచినా.
ఎవురూ చూడలా.
మళ్లీ కూర్చుని మళ్లీ లేచినా.

ఆ మధ్యాహ్నమే పెనుమూరు నుంచి గుర్రప్ప
పదకొండు బుట్టలు దించి
ఎప్పట్లాగే అచ్చు పగలగొట్టి
ముక్క నా ముందు చాపినాడు.
వేడి ఆరని వాసన.
గోటితో గీకి, ముక్కు దగ్గర పెట్టి,
తిరిగి వాని అరచేతిలోనే పెట్టినా.
"బాగాలేదా మ్మా?"
అప్పుడు చూసినా వాని మొహం.
ఆ తర్వాత పిక్కలు.
ఎండిన చెరుకు గడల మాదిరి రెండు.

"బాగుంది గుర్రప్పా. నాకే బాగలేదు."

తరుగు గడిలో పెన్ను ఆగింది.
యజమాని చెప్పిన అంకె రెండు.
ఒకటి రాసి, పేజీ తిప్పేసినా.